దారి మధ్యలో ఇంజిన్ వేడెక్కితే: ముల్లు పైకి లేచిన క్షణం నుంచి షెడ్డు చేరేదాకా

“నీళ్లు పోస్తే సరిపోతుందా?”, “ఎంతసేపు ఆగాలి?”, “మెల్లగా నడుపుకుంటూ వెళ్లిపోవచ్చా?” ఈ మూడు ప్రశ్నలూ నన్ను పదే పదే అడుగుతున్నారు. ఒక్కోదానికి ఒక్క మాటలో జవాబు చెప్పడం ప్రమాదం. ఈ పనిలో ఏది ముందు, ఏది తర్వాత అన్నదే ప్రాణం. అందుకే దారిలో జరిగే వరుసలోనే అంతా రాస్తున్నాను.

వేడెక్కిన వెంటనే ఆపేసిన ఇంజిన్ చాలాసార్లు చిన్న ఖర్చుతో బయటపడుతుంది. దాన్ని తినేసేది “ఇంకో రెండు కిలోమీటర్లే కదా” అని నడిపిన ఆ రెండు కిలోమీటర్లు. మనుషుల చేతులు, ముఖాలు కాలేది తొందరపడి రేడియేటర్ మూత తిప్పినప్పుడు. కింద రాసినదంతా ఈ రెండింటినీ తప్పించడానికే.

1. డిక్కీలో ముందే ఉండవలసినవి

- 4 లేదా 5 లీటర్ల మంచినీళ్లు. తాగడానికి వేరే సీసా పెట్టుకోండి.
- మీ బండికి సరిపడే రకం కూలెంట్ (ఇంజిన్ వేడిని లాగేసే ద్రవం) 1 లీటరు. ఏ రకమో బండితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది.
- మందపాటి పాత తువ్వాలు, తోలు చేతి తొడుగులు.
- టార్చి లైటు. ఫోను వెలుగు చాలదు, పైగా ఆ సమయంలో ఫోను చార్జింగు మిగలాలి.
- హెచ్చరిక త్రికోణం.
- స్క్రూడ్రైవర్, పైపులు బిగించే హోస్ క్లిప్పులు రెండు మూడు, చిన్న కత్తి.
- తనకు తానే అతుక్కునే సిలికాన్ టేపు. మామూలు కరెంటు టేపు వేడికి జారిపోతుంది.
- బండిలో వాడే ఫ్యూజులు, ఒక్కో రకం ఒకటి చొప్పున.

వీటిలో రెండే పెట్టుకోగలిగితే నీళ్లు, తువ్వాలు పెట్టుకోండి.

2. ఎర్ర దీపం కంటే ముందు వచ్చే సూచనలు

డ్యాష్‌బోర్డు మీద ఇంజిన్ వేడిని చూపే ముల్లు రోజూ నిలబడే చోటును గుర్తుపెట్టుకోండి. చాలా బండ్లలో అది మధ్యలోనో, కాస్త కిందనో కదలకుండా ఉంటుంది. అక్కడి నుంచి ఒక గీత పైకి జరిగినా అది వార్తే. ముల్లు లేని బండ్లలో థర్మామీటర్ బొమ్మ ఎర్రగా వెలిగేదాకా ఏమీ తెలియదు కాబట్టి మిగతా సూచనల మీదే ఆధారపడాలి:

- ఏసీ గాలి ఉన్నట్టుండి చల్లదనం తగ్గడం. కొన్ని బండ్లు వేడి పెరగగానే ఏసీని తామే ఆపేస్తాయి.
- తియ్యటి వాసన. కూలెంట్ వేడి లోహం మీద పడితే వచ్చే వాసన ఇది. ఒకసారి పీల్చినవారు మరిచిపోరు.
- యాక్సిలరేటర్ తొక్కినా బండి లాగకపోవడం, ఇంజిన్ నుంచి టకటకమనే చప్పుడు.
- బానెట్ అంచుల నుంచి ఆవిరి.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. నేనే అందులో పడ్డాను. ఎత్తు ఎక్కుతుండగా ముల్లు పైపైకి వెళ్లి, ఎర్ర గీత అంచున కాసేపు ఆగి, ఒక్కసారిగా మధ్యకు దిగిపోయింది. చల్లబడిందని సంతోషించి ముందుకు పోనిచ్చాను. నిజానికి పైపు ఊడి కూలెంట్ మొత్తం కారిపోయింది. వేడిని కొలిచే సెన్సర్ చుట్టూ ద్రవం లేక అది తప్పు చెప్పింది. ఆ రోజు ఇంజిన్ హెడ్, అంటే సిలిండర్ల పైన మూసే లోహపు భాగం, వంకరపోయింది. ముల్లు తనంతట తాను పడిపోతే నమ్మకండి. హీటర్ వేసి చూడండి: చల్లగాలి వస్తే వ్యవస్థలో కూలెంట్ లేనట్టే. వెంటనే ఆపేయండి.

3. మొదటి రెండు నిమిషాలు

1. ఏసీ ఆపండి. ఇంజిన్ మీద భారం వెంటనే తగ్గుతుంది.
2. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తేలిక చేయండి. నాలుగు వైపులా మెరిసే హెచ్చరిక లైట్లు వేయండి.
3. ఆపడానికి చోటు దొరికేలోగా హీటర్‌ను గరిష్ఠ వేడి మీద, ఫ్యాన్‌ను గరిష్ఠ వేగం మీద పెట్టండి. అద్దాలు దించండి. హీటర్ అంటే లోపల ఉన్న ఇంకో చిన్న రేడియేటర్, అంటే కూలెంట్ వేడిని గాలికి వదిలే భాగం. ఇంజిన్ వేడిలో కొంత దాని గుండా బయటికి పోతుంది. ఎండాకాలంలో నరకంలా ఉంటుంది, అయినా వేయండి.
4. ముందూ వెనకా కదలని ట్రాఫిక్‌లో చిక్కుకుంటే గేరు న్యూట్రల్‌లో పెట్టి కొంచెం రేజ్ చేయండి. నిమిషానికి 1500 తిరుగుళ్ల దగ్గర వాటర్ పంపు కూలెంట్‌ను మరింత వేగంగా తిప్పుతుంది. ముల్లు ఎర్ర గీతకు ఇవతల ఉన్నంతవరకే ఈ చిట్కా.
5. ముల్లు ఎర్ర గీత చేరినా, ఎర్ర దీపం వెలిగినా, ఆవిరి కనిపించినా పక్కకు తీసి ఇంజిన్ ఆపేయండి. ఇంకా చూద్దాం అనుకోవద్దు.

గట్టి నేల మీద, సమతలంగా ఉన్న చోట ఆపండి. ఎండుగడ్డి మీద ఆపవద్దు, కింద సైలెన్సర్ పైపు కూడా మండుతూ ఉంటుంది. హ్యాండ్ బ్రేకు వేసి అందరినీ రోడ్డుకు దూరంగా దించండి. హెచ్చరిక త్రికోణాన్ని బండికి చాలా వెనక పెట్టండి.

ఇంజిన్ ఆపాక తాళం చెవిని ఆన్‌లో ఉంచితే కొన్ని బండ్లలో రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది. అలా తిరిగితే మంచిదే, తిరగనివ్వండి.

4. బానెట్ ఎప్పుడు ఎత్తాలి

ఆవిరి వస్తుంటే ముట్టుకోకండి. లోపలి నుంచి లివరు లాగి లాకు మాత్రం వదులు చేసి దూరంగా నిలబడండి. ఆ సందులోంచి వేడి బయటికి పోతుంది. ఆవిరి పూర్తిగా ఆగాక, ముఖం పక్కకు తిప్పుకుని, తొడుగు వేసుకున్న చేత్తో ఎత్తండి.

అది ఆవిరో పొగో ముందు తేల్చుకోండి. ఆవిరి తెల్లగా, తేమగా ఉండి గాలిలో త్వరగా కలిసిపోతుంది. పొగ బూడిద రంగులోనో నల్లగానో ఉంటుంది, ప్లాస్టిక్ లేదా నూనె కాలిన వాసన వస్తుంది. పొగ అని అనుమానం వచ్చినా బానెట్ ఎత్తవద్దు. గాలి తగిలితే మంట లేస్తుంది. దూరంగా వెళ్లి అగ్నిమాపక దళాన్ని పిలవండి.

బానెట్ ఎత్తాక ఫ్యాన్ దగ్గర చేయి పెట్టకండి. ఇంజిన్ ఆగిపోయి ఉన్నా అది చెప్పకుండా తిరగడం మొదలుపెడుతుంది. వేలాడే కండువా, చున్నీ, పొడవాటి చొక్కా చేతులు ముడుచుకోండి.

హైబ్రిడ్ బండి అయితే బండిని పూర్తిగా ఆఫ్ చేసిన తర్వాతే బానెట్ దగ్గరికి వెళ్లండి. నారింజ రంగు తీగలను ఏ కారణానా తాకవద్దు. వాటిలో ప్రాణం తీసేంత వోల్టేజి ఉంటుంది.

5. ఆ అరగంట

కనీసం 30 నిమిషాలు. ఎండ తీవ్రంగా ఉంటే గంట. ఇందులో బేరం లేదు.

ఈలోగా నీళ్లు తెచ్చి ఇంజిన్ మీదో రేడియేటర్ మీదో కుమ్మరించకండి. సాయం చేద్దామని వచ్చినవాళ్లు మొదట చేసే పని ఇదే. మండుతున్న లోహం మీద చన్నీళ్లు పడితే అది ఒక చోట చటుక్కున కుంచించుకుపోయి పగలవచ్చు. సలహా ఇచ్చేవారికి మర్యాదగా చెప్పి ఆపండి.

వేచి ఉన్నంతసేపూ కళ్లకు పని చెప్పండి. బండి కింద మడుగు కడుతోందా? ఏసీ నుంచి కారే నీటికి రంగూ జిడ్డూ ఉండవు. కూలెంట్ ఆకుపచ్చగానో, గులాబీ, నారింజ, నీలం రంగుల్లోనో ఉండి వేళ్ల మధ్య జారుతుంది. రుచి చూడకండి. అందులో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం. పిల్లలనూ కుక్కలనూ ఆ మడుగు దగ్గరికి రానివ్వకండి.

6. మూత తీయడం

ఈ ఒక్క భాగం రెండుసార్లు చదవండి.

కూలెంట్ వ్యవస్థ ప్రెషర్ కుక్కర్ లాంటిది. సగం నీళ్లు, సగం కూలెంట్ కలిపిన మిశ్రమం బయట 106 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. మూత బిగించి ఉన్నప్పుడు లోపలి పీడనం వల్ల దాదాపు 125 నుంచి 130 డిగ్రీల దాకా మరగకుండా నిలుస్తుంది. 115 డిగ్రీల దగ్గర మీరు మూత తీశారనుకోండి. అప్పటిదాకా ప్రశాంతంగా ఉన్న ద్రవం ఒక్క క్షణంలో మరిగి, ఆవిరితో ఉబ్బి, మీ ముఖం ఎత్తున ఎగజిమ్ముతుంది. వెనక్కి జరిగే వ్యవధి ఉండదు.

కాబట్టి ముందు పరీక్ష. ఇంజిన్ నుంచి రేడియేటర్‌కు వెళ్లే పై పైపును తువ్వాలు అడ్డం పెట్టి నొక్కండి. రాయిలా గట్టిగా ఉంటే లోపల పీడనం ఉంది, ఇంకా ఆగాలి. మెత్తగా నొక్కుకుపోయి, ఒట్టి చేత్తో పట్టుకోగలిగేంత గోరువెచ్చగా ఉంటేనే మూత దగ్గరికి వెళ్లండి.

1. తువ్వాలును నాలుగు మడతలు పెట్టి మూతను పూర్తిగా కప్పండి.
2. ముఖాన్ని, ఛాతీని పక్కకు తిప్పి, చేయి చాచి నిలబడండి.
3. మూతను పావు వంతు మాత్రమే తిప్పండి. కొన్ని మూతలు అక్కడ ఒక గాడిలో ఆగుతాయి.
4. బుస్సుమనే చప్పుడు వింటే అక్కడే ఆగండి. అది పూర్తిగా సద్దుమణిగేదాకా చేయి కదపకండి. చప్పుడు పెరిగితే మళ్లీ బిగించి ఇంకో 15 నిమిషాలు ఆగండి.
5. నిశ్శబ్దం అయ్యాకే మిగతాది. రేడియేటర్ మూత అయితే కిందికి నొక్కి తిప్పాలి. ప్లాస్టిక్ ట్యాంకు మూత అయితే మెల్లగా తిప్పుతూ తీయాలి.

ఒకవేళ చేయి కాలితే ఉంగరాలు, గాజులు, గడియారం వెంటనే తీసి, ధారగా పారే చల్లటి నీటి కింద 20 నిమిషాలు ఉంచండి. ఐసు, టూత్‌పేస్టు, నూనె ఏవీ పూయకండి. ముఖం లేదా కళ్లు కాలితే నీటితో కడుగుతూనే ఆసుపత్రికి బయలుదేరండి.

7. పోయడం

మీ బండిలో ఏ అమరిక ఉందో చూడండి. రేడియేటర్ మీద లోహపు మూత, పక్కన పల్చటి ప్లాస్టిక్ డబ్బా ఉంటే, అసలు మట్టం తెలిసేది రేడియేటర్‌లోనే. డబ్బాలో నిండుగా కనిపించినా రేడియేటర్ ఖాళీగా ఉండవచ్చు. చాలామంది డబ్బా చూసి మోసపోతారు. రేడియేటర్‌కు మూతే లేకుండా, గట్టి ప్లాస్టిక్ ట్యాంకుకు మరమూత ఉంటే ఆ ట్యాంకు గీతలే ప్రమాణం.

నీళ్లు, కూలెంట్ సమపాళ్లలో కలిపి పోయడం మేలు. కూలెంట్ లేకపోతే డిస్టిల్డ్ వాటర్. అదీ లేకపోతే తాగే నీళ్లు. ఆపదలో అవి చాలు, తర్వాత మార్పించుకోవచ్చు. సముద్రపు నీరు, ఉప్పునీరు మాత్రం వద్దు.

ఒక గ్లాసు పోసి, ఆగి, మళ్లీ ఒక గ్లాసు. గబగబా పోస్తే గాలి లోపలే చిక్కుకుంటుంది, వేడి లోహం ఉలిక్కిపడుతుంది. మట్టం నిలిచాక మూత తీసి ఉంచే ఇంజిన్ స్టార్ట్ చేసి, హీటర్ వేసి ఒకటి రెండు నిమిషాలు చూడండి. మొదట్లో కొన్ని బుడగలు రావడం, మట్టం దిగడం సహజం. దిగినంత పోసి మూత గట్టిగా బిగించండి.

బుడగలు ఆగకుండా, సోడా పోసినట్టు వస్తూనే ఉంటే ఇంజిన్ ఆపేయండి. సిలిండర్‌లోని వాయువు కూలెంట్‌లోకి తోసుకొస్తోంది, అంటే హెడ్ గాస్కెట్ (హెడ్ కింద కారకుండా పెట్టే పల్చటి పొర) పోయినట్టు. ఇక ఆ బండి చెడిపోయిన బండ్లను తీసుకెళ్లే వ్యాన్ మీదే వెళ్లాలి.

8. ఎప్పుడు వేడెక్కిందో గుర్తుచేసుకుంటే కారణం సగం దొరుకుతుంది

ట్రాఫిక్‌లో ఆగినప్పుడు వేడెక్కి, కదిలాక తగ్గితే ఫ్యాన్‌ను అనుమానించండి. బండి పరుగెత్తేటప్పుడు గాలి దానంతట అదే తగులుతుంది, ఆగినప్పుడే ఫ్యాన్ అవసరం. ఇంజిన్ చల్లబడ్డాక స్టార్ట్ చేసి ఏసీ వేయండి. చాలా బండ్లలో ఆ వెంటనే ఫ్యాన్ తిరగాలి. తిరగకపోతే మొదట ఫ్యూజు, తర్వాత రిలే (ఫ్యాన్‌కు కరెంటు కలిపే స్విచ్చు), ఆపైన మోటారు చూడాలి. ఫ్యూజు మారిస్తే అదే ఆంపియర్ల ఫ్యూజే వేయాలి. ఎక్కువది వేస్తే తీగలు కాలతాయి.

దీనికి విరుద్ధంగా, వేగంగా వెళ్లేటప్పుడే వేడెక్కితే ప్రవాహంలో అడ్డంకి ఉన్నట్టు: కూలెంట్ తక్కువగా ఉండటం, రేడియేటర్ లోపల పూడుకుపోవడం, ముందు ఎండుటాకులో ప్లాస్టిక్ సంచో అతుక్కోవడం, సరిగా తెరుచుకోని థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే కవాటం).

స్టార్ట్ చేసిన పది నిమిషాల్లోపే ముల్లు పైకి వెళితే థర్మోస్టాట్ మూసుకుపోయి ఉండవచ్చు. అది సాధారణంగా 80 నుంచి 95 డిగ్రీల మధ్య తెరుచుకోవాలి. ఇంజిన్ మండిపోతున్నా రేడియేటర్ పెద్ద పైపుల్లో ఒకటి చల్లగానే ఉంటే ఆ అనుమానం బలపడుతుంది. వాటర్ పంపు తిరగకపోయినా ఇలాగే ఉంటుంది.

ఎక్కడ కారిందో తెలియకపోతే ఈ చోట్లు టార్చితో వెతకండి:

- పైపులు బిగించిన క్లిప్పుల దగ్గర. ఎండిన కూలెంట్ తెల్లటి లేదా రంగు పొడిలా, గరుకైన పొక్కులా పేరుకుని ఉంటుంది. పాత కారుడుకు ఆ పొక్కే సాక్ష్యం.
- పైపుల కింది వైపు. పైన బాగా కనిపించే పైపుకు చాలాసార్లు చీలిక అడుగున ఉంటుంది.
- రేడియేటర్ ప్లాస్టిక్, అల్యూమినియం కలిసే అంచు.
- వాటర్ పంపు కింద.
- ముందు సీటు దగ్గర కాళ్ల కింది చాప. అది తడిగా, జిడ్డుగా ఉండి, అద్దం లోపల మసకబారుతుంటే హీటర్ కోర్, అంటే ముందు చెప్పిన ఆ చిన్న రేడియేటర్, కారుతోంది.

9. దారిలోనే చేయగల మరమ్మతు

పైపు క్లిప్పు దగ్గరే చీలితే అదృష్టమే. క్లిప్పు వదులు చేసి, చీలిన ముక్కను కత్తితో కోసేసి, మిగిలిన పైపును మళ్లీ ఎక్కించి బిగించండి. పొడవు సరిపోయేలా ముందే కొలుచుకోండి.

పైపు మధ్యలో చీలితే బాగా తుడిచి ఆరబెట్టి, సిలికాన్ టేపును సాగదీస్తూ చీలికకు రెండు వైపులా నాలుగు వేళ్ల మేర పొరలుగా చుట్టండి. తడి మీద చుట్టిన టేపు నిలవదు. ఇది షెడ్డు దాకా మాత్రమే.

కోడిగుడ్డు, పసుపు లాంటివి రేడియేటర్‌లో వేయమని చెప్పేవారు ఉంటారు. వద్దు. కారుడు ఆగినా ఆగకపోయినా, వేలి గోరంత సన్నగా ఉండే రేడియేటర్, హీటర్ దారులు పూడుకుపోతాయి.

10. నడపవచ్చా?

ఇవన్నీ అవునైతేనే నడపండి:

- పోసిన కూలెంట్ మట్టం పది నిమిషాలు నిలిచింది.
- ఆయిల్ కొలిచే కడ్డీ మీద నూనె మట్టం సరిగా ఉంది, పాలు కలిపిన టీ రంగు (నూనెలో కూలెంట్ కలిసిన గుర్తు) కనిపించలేదు.
- సైలెన్సర్ నుంచి తియ్యటి వాసనతో చిక్కటి తెల్ల పొగ రావడం లేదు.
- బెల్టు తెగలేదు.
- హీటర్ వేస్తే వేడిగాలి వస్తోంది.
- ఈ రోజు వేడెక్కడం ఇదే మొదటిసారి.

ఒక్కటి కాదన్నా వ్యాన్‌ను పిలవండి. వ్యాన్ ఖర్చు ఎంతైనా ఇంజిన్ విప్పే ఖర్చు ముందు చిన్నదే.

నడిపేటప్పుడు ఏసీ ఆపి, హీటర్ వేసి, ఒకే తీరు వేగంతో వెళ్లండి. పెద్ద గేరులో ఇంజిన్‌ను ఈడ్పించకండి. పక్కన ఎవరైనా ఉంటే ముల్లు చూసే పని వాళ్లకు అప్పగించండి. ఐదారు కిలోమీటర్లకు ఒకసారి ఆగి, మూత తీయకుండా, కింద కారుతోందేమో చూడండి. ముల్లు మళ్లీ పైకి వెళితే ప్రయాణం అక్కడితో ఆపాలి.

11. షెడ్డులో చెప్పవలసినవి, అడగవలసినవి

ఎప్పుడు, ఎంత వేగంలో వేడెక్కింది, ముల్లు ఎక్కడిదాకా వెళ్లింది, ఎర్ర గీత మీద ఎంతసేపు నడిపారు, ఎన్ని లీటర్లు పోశారు: దాచకుండా చెప్పండి. ముఖ్యంగా ఉత్త నీళ్లు పోశామని చెప్పండి. అవి తుప్పును ఆపలేవు, చలి ప్రదేశాల్లో గడ్డకట్టి ఇంజిన్‌ను పగలగొడతాయి.

తర్వాత ఈ మూడు పరీక్షలు అడగండి: వ్యవస్థకు పంపుతో గాలి పట్టించి కారుడు చూసే పీడన పరీక్ష, మూతకు విడిగా అదే పరీక్ష, కూలెంట్‌లో సిలిండర్ వాయువు ఉందేమో చూసే రసాయన పరీక్ష. “కూలెంట్ నింపాం, అంతా బాగుంది” అంటే ఒప్పుకోకండి. మూసి ఉన్న వ్యవస్థలో కూలెంట్ ఊరికే తగ్గదు. ఎక్కడికి పోయిందో తేలాలి.

మరమ్మతు అయ్యాక వారం రోజులు ప్రతి ఉదయం, ఇంజిన్ చల్లగా ఉండగా, ట్యాంకు మట్టం దగ్గర పెన్నుతో చిన్న గీత గీసి తేదీ రాయండి. ఏడో రోజు కూడా మట్టం మొదటి గీత మీదే ఉంటే ఇక నెలకొకసారి చూసుకోవచ్చు. దిగితే ఆ గీతలనే మెకానిక్‌కు చూపించండి.